11 ట్రంకు పెట్టెల కాగితాలు: విషయం వారీగా విడదీయాలా, ఉన్నట్టే ఉంచాలా? (శ్రీకాకుళం)

నాగావళి ఒడ్డు (ప్రశ్న)

శ్రీకాకుళంలో ఒక చిన్న ట్రస్టు గ్రంథాలయం తరఫున అడుగుతున్నాను. ఉత్తరాంధ్ర మాండలికం మీద, సవర గిరిజనుల పాటల మీద పనిచేసి గతించిన ఒక తెలుగు లెక్చరరుగారి కాగితాలన్నీ వారి పిల్లలు మా గ్రంథాలయానికి ఇస్తామన్నారు. మొత్తం 11 ట్రంకు పెట్టెలు. నాలుగింటి నిండా మాండలిక పదాల చీటీలే. చెప్పుల డబ్బాల్లో పేర్చి రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. మూడు పెట్టెల్లో ఉత్తరాలు: కార్డులు, ఇన్‌లాండ్లు, కవర్లు. మిగతావాటిలో రాతప్రతులు, కార్బన్ కాపీలు, నోటుబుక్కులు, రెండు ఫొటో ఆల్బములు, 60కి పైగా ఆడియో క్యాసెట్లు, రెండు తాటాకు కట్టలు. రెండు పెట్టెల అడుగున చెమ్మ ఉంది. ఇంకొకదాంట్లో చెదమట్టి కనిపించింది.

కమిటీలో మాట కుదరడం లేదు. పుస్తకాల్లాగే విషయం వారీగా విడదీసి డ్యూయీ నంబర్లు వేద్దామని కొందరు అంటున్నారు. లిథువేనియాలో విల్నియస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం లాంటి చోట్ల ఒక్కో పండితుడి కాగితాల్ని చెదరగొట్టకుండా ఆయన పేరునే ఒక నిధిగా (విడదీయని ఒకే సేకరణగా) ఉంచుతారని, మనమూ అదే చేద్దామని ఇంకొకరు చదివి చెప్పారు. ఏది సరైనది? ముందు ఏ పనితో మొదలుపెట్టాలి? వారసుల దగ్గర ఏమని రాయించుకోవాలి?

పాత దస్త్రం

లిథువేనియా సంగతి చెప్పినాయనే మీ కమిటీలో సరైన మాట అన్నారండి. డ్యూయీ అచ్చయిన పుస్తకం కోసం. ఒక ఉత్తరంలో సవర పాట గురించి నాలుగు వాక్యాలు, పెన్షను గురించి రెండు, మనవరాలి పెళ్లి గురించి ఒకటి ఉంటాయి. దానికి ఏ నంబరు వేస్తారు? విడదీశాక ఆ ఉత్తరం ఏ చీటీకి జవాబుగా వచ్చిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఒక మనిషి కాగితాలు ఇంకొకరి వాటితో కలవకూడదు, ఆయన పెట్టుకున్న వరస అర్థమయ్యేలా ఉంటే దాన్ని కదపకూడదు. ఈ రెండు సూత్రాలూ లిథువేనియా ఒక్కదానివే కావు, అన్ని దేశాల ఆర్కైవులూ పాటించేవే.

అక్కడి పద్ధతిలో మనం తెచ్చుకోదగ్గది సంఖ్య వేసే తీరు. లిథువేనియన్ పరిశోధన వ్యాసాల అడుగున ఎఫ్., ఏపీ., బీ., ఎల్. అనే పొడి అక్షరాలు కనిపిస్తాయి. నిధి, జాబితా, దస్త్రం, పత్రం అని వాటి అర్థం. ఆ నాలుగు అంకెలు చెబితే విల్నియస్‌లో కూర్చున్న గుమస్తా సరిగ్గా ఆ కాగితమే తెచ్చిపెడతాడు. మీకు ఒకటే జాబితా కాబట్టి మూడు అంకెలు చాలు. నిధి 1, దస్త్రం 46, పత్రం 12 అంటే 1-46-12. స్కాన్ ఫైలు పేరు కూడా అదే పెట్టండి.

పెట్టె తెరవకముందే దానికి నంబరు వేసి ఫొటో తీయండి. మూత తీశాక పై వరస ఒక ఫొటో, ప్రతి పొర ఎత్తాక మళ్లీ ఒకటి. ఏ కట్ట ఏ పెట్టెలో, ఎన్నో పొరలో ఉందో ఒక నోటుబుక్కులో రాయండి. చాలాచోట్ల పని చెడేది ఇక్కడే. ఉత్సాహంగా నలుగురు కూర్చుని ఒక ఆదివారం 11 పెట్టెలూ నేల మీద కుమ్మరిస్తారు. సాయంత్రానికి ఆయన వరస పోతుంది, మళ్లీ రాదు.

తర్వాత కాగితం మీదే, అంటే జాబితాలోనే, వర్గాలు చేయండి: సొంత రచనల ప్రతులు, వచ్చిన ఉత్తరాలు, రాసిన ఉత్తరాల నకళ్లు, పరిశోధన సామగ్రి, జీవిత పత్రాలు (సర్టిఫికెట్లు, ఉద్యోగపు కాగితాలు), ఫొటోలు, శబ్దం, ఆయన గురించి ఇతరులు రాసినవి, ఇతరుల కాగితాలు. ఆఖరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లెక్చరర్ల దగ్గర విద్యార్థుల థీసిస్‌లు, మిత్రులు అభిప్రాయం కోసం ఇచ్చిన రాతప్రతులు మిగిలిపోతాయి. అవి ఈయన రచనలుగా నమోదైతే రేపు తగాదా.

ప్రతి దస్త్రానికీ కనీసం ఆరు విషయాలు రాయాలి: సంకేత సంఖ్య, శీర్షిక, కర్త, తేదీలు, పరిమాణం, ఇది ఏ అంచె (నిధా, వర్గమా, దస్త్రమా). ఐసాడ్-జీ అనే అంతర్జాతీయ ప్రమాణం తప్పనిసరి అన్నవి ఇవే. మీ దగ్గర కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరు ఉన్నా అందులో ఎక్కించవద్దు, అది పుస్తకాలకు. మొదట స్ప్రెడ్‌షీటు, ఓపిక ఉంటే తర్వాత ఆటమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. ఒక్క షరతు: యూనికోడ్‌లోనే కొట్టించండి. డీటీపీ అబ్బాయి అలవాటుగా అను ఫాంటులో కొడితే ఆ జాబితాలో ఒక్క పేరూ వెతికితే దొరకదు. పేర్లకు ముందే ఒక పట్టీ రాసుకోండి, ఇంటిపేరు ముందు ఉండేలా. గిడుగు రామమూర్తి ఒకచోట రామ్మూర్తి, ఇంకోచోట రామమూర్తి పంతులు అయితే ఒకే మనిషి ముగ్గురవుతాడు.

పత్రాల సంఖ్య మెత్తటి పెన్సిల్‌తో (2బీ), కుడి పై మూలన, చిన్నగా. పెన్ను వద్దు, రబ్బరు స్టాంపు అసలే వద్దు. దస్త్రం చివర మొత్తం ఎన్ని పత్రాలో రాసి సంతకం చేసిన చీటీ ఒకటి, చూసినవాళ్లు పేరూ తేదీ రాసే కాగితం ఒకటి పెట్టండి. తూర్పు యూరప్ ఆర్కైవుల్లో ఇది పాత అలవాటు. ఒక పత్రం కనబడకపోతే ఎవరి తర్వాత పోయిందో తెలుస్తుంది.

వంశధార

పాత దస్త్రంగారు చెప్పినవన్నీ రెండో పని. మొదటిది చెమ్మ పెట్టెలు. ఆ మూడింటినీ (చెమ్మవి రెండు, చెద కనిపించినది ఒకటి) మీ పుస్తకాల గదిలోకి రానివ్వకండి. వరండాలోనో వేరే గదిలోనో పెట్టండి.

చెమ్మ కాగితాల్ని ఎండలో పరచడం మన ఇళ్లలో అలవాటు. వద్దు. ఎండకు సిరా వెలుస్తుంది, కాగితం వంకరపోతుంది. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా, తెల్ల బ్లాటింగు కాగితం మీద పరచండి. అచ్చు పత్రికల మీద పరిస్తే వాటి మసి అంటుతుంది. ఫౌంటెన్ పెన్ను నీలం సిరా నీళ్లకు కరిగిపోతుంది కాబట్టి తడిగుడ్డతో తుడవడం, మరక కడగడం లాంటివి చేయొద్దు. బూజు ఉంటే ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని ఆరుబయట మెత్తటి కుంచెతో దులపాలి. తడి మీద దులిపితే బూజు కాగితంలోకి ఇంకుతుంది. పూర్తిగా ఆరాకే.

చెద నేలలో ఉంటుంది, కాగితంలో కాపురం పెట్టదు. మట్టి దులిపి, రాకులు గోడకు 15 సెంటీమీటర్లు ఎడంగా, అడుగు అర నేలకు కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తున ఉండేలా చూస్తే చాలావరకు పోతుంది. ఏటి పక్క ఊళ్లో ఆ ఎత్తు ఇంకా పెంచండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలు మనవి. కిటికీ పక్కనా, డాబా గొట్టం దిగే గోడ దగ్గరా రాకు పెట్టవద్దు.

అసలు బాధ పుస్తకాల పురుగు, సిల్వర్‌ఫిష్, వాటి గుడ్లు. మందు కొట్టడం కంటే చల్లబరచడం మేలు. కట్టను మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి పిండి, టేపుతో మూసి, ఇంకో సంచిలో పెట్టి, ఐస్‌క్రీం కొట్లలో ఉండే డీప్ ఫ్రీజరులో -18 నుంచి -20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. ఇంటి ఫ్రిజ్ పై అర పనికిరాదు. మధ్యలో కరెంటు చాలాసేపు పోతే రోజుల లెక్క మళ్లీ మొదటి నుంచి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పకూడదు. విప్పితే గాలిలోని తేమ చల్లటి కాగితం మీద నీళ్లయి కూర్చుంటుంది. చెమ్మ కాగితం, ఫొటోలు, క్యాసెట్లు, తాటాకులు ఫ్రీజరులో పెట్టకండి. ఒక మాట, దీనికి పురుగు చస్తుంది కానీ బూజు చావదు.

గదిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొని పొద్దునా సాయంత్రం రాయండి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే పద్ధతి కంటే ఏసీ లేకపోవడమే నయం. రోజూ పెరిగి తగ్గే తేమకు కాగితం సాగి ముడుచుకుంటుంది. గాలి ఆడే గది, వానాకాలంలో డీహ్యూమిడిఫయరు, మూత బిగుతుగా ఉన్న పెట్టెల్లో సిలికా జెల్ చాలు. జెల్ రంగు మారాక ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ పనిచేస్తుంది. నీలం రంగుదానిలో కోబాల్టు ఉంటుంది, నారింజ రంగుది తీసుకోండి.

గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు, క్లిప్పులు తీసేయాలి. తుప్పు కాగితాన్ని తినేస్తుంది. పిన్ను కాళ్లను వెనక నుంచి పల్చటి రేకుతో లేపి తీయండి, ముందు నుంచి లాగితే చిరుగుతుంది. పిన్నుతో కలిసి ఉన్న కాగితాలు కలిసే ఉండాలి కాబట్టి మడిచిన తెల్లకాగితం మధ్య పెట్టండి. రబ్బరు బ్యాండ్లు ఎండి అంటుకుపోయి ఉంటే లాగవద్దు, గీకి తీయండి. వాటి బదులు నూలు నాడా వాడండి. ఆమ్లరహిత పెట్టెలు ఖరీదనుకుంటే గంజి పోయేదాకా ఉతికిన కోరా గుడ్డలో కట్టండి. తాటాకు కట్టలకు మనవాళ్లు వాడే ఎర్రగుడ్డ ఉంది చూశారూ, తడిస్తే రంగు దిగుతుంది, కాగితాలకు వద్దు.

ల్యామినేషన్ మాట ఎవరన్నా ఎత్తితే అక్కడే ఆపండి. ఒకసారి చేస్తే తీయలేం. సెల్లోటేపు కూడా అంతే. చిరుగులకు జపాన్ టిష్యూ, గోధుమ పిండి జిగురు వాడతారు. అది చేతకాకపోతే చిరిగినది చిరిగినట్టే ఫోల్డరులో ఉంచడం తప్పు కాదు. ఫొటోల ఆల్బముల్లో పీవీసీ కవర్లుంటే అవి అంటుకుంటాయి, పాలిస్టరు లేదా పాలీప్రొపిలీను కవర్లకు మార్చండి. మార్చేముందు ఆల్బము ప్రతి పేజీ ఫొటో తీయాలి, ఎందుకంటే కింద రాసిన పేర్లు ఆ పేజీవి.

చీటీల పెట్టె

అందరూ ఉత్తరాల దగ్గరే ఆగుతున్నారు. ఈ సేకరణలో అసలు బంగారం నాలుగు పెట్టెల చీటీలు. లిథువేనియా పోలిక ఇక్కడే బాగా అతుకుతుంది. రష్యా సామ్రాజ్యం 1864 నుంచి 1904 దాకా లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చును నిషేధించింది. ఆ దశలో పెరిగిన కాజిమియెరస్ బూగా (1879-1924) ఊళ్ల మాటల్ని చీటీల మీద పోగేయడం మొదలుపెట్టాడు. దాని మీద కట్టిన లిథువేనియన్ మహానిఘంటువు మొదటి సంపుటం 1941లో, 20వది 2002లో వచ్చాయి. మొదలుపెట్టినవాడు పోయి దాదాపు 80 ఏళ్లయినా పని పూర్తి కాగలిగిందంటే చీటీలు కట్టగా మిగిలినందువల్లే.

కాబట్టి మొదటి నియమం: అకారాది క్రమంలో పేర్చవద్దు. పేర్చాలని చేతులు దురదపెడతాయి. కానీ ఆయన ఊరు వారీగానో, చెప్పిన మనిషి వారీగానో, వృత్తి వారీగానో కట్టలు కట్టి ఉండవచ్చు. ‘బేగి’ అనే చీటీ మీద అర్థం మాత్రమే ఉండి, ఊరి పేరు కట్ట మొదటి చీటీ మీద ఒక్కసారే రాసి ఉంటే, అకారాదిగా కలిపిన రోజున ఆ మాట ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అకారాది కావాలంటే కంప్యూటరులో స్ప్రెడ్‌షీటును సార్టు చేసుకోండి, చీటీలను కాదు.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకండి, కొలవండి. మామూలు కాగితం చీటీలైతే వదులుగా పేర్చినప్పుడు అంగుళానికి సుమారు 200. పెళ్లి శుభలేఖల ముక్కల మీద రాసి ఉంటే 100 లోపే. ప్రతి డబ్బాలో ఒక అంగుళం లెక్కపెట్టి స్కేలుతో గుణించండి. డబ్బాకు సంఖ్య, చీటీ వెనక పెన్సిల్‌తో వరస సంఖ్య. వెనక వైపు కూడా స్కాన్ చేయాలి. పాత కరపత్రాలు, పరీక్ష పేపర్లు కత్తిరించి రాసి ఉంటే ఆ వెనక అచ్చే చీటీ ఏ ఏటిదో చెబుతుంది.

300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) రంగుల్లో 3×5 అంగుళాల చీటీ ఒక వైపు 4 ఎంబీ. రెండు వైపులా 10,000 చీటీలకు 80 జీబీ. ఏ4 కాగితం అదే 300 దగ్గర 26 ఎంబీ, ఫుల్‌స్కేప్ ఇంకొంచెం ఎక్కువ. ఫొటోలకు 600 పెట్టండి. టిఫ్ ఫైలు దాచడానికి, జేపెగ్ చూపించడానికి. పైనుంచి కాగితం లాక్కునే ఫీడరులో పాత చీటీ పెట్టకండి, నలిగితే తిరిగిరాదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. విజయనగరంలో ఉన్న మిత్ర గ్రంథాలయంలో పెట్టినా తుపాను రెండు ఊళ్లనూ ఒకేసారి తాకవచ్చు. ఇంకా దూరం పంపండి.

నాగావళి ఒడ్డు

చాలా ధన్యవాదాలండి. రెండు చిక్కులు మిగిలాయి. ఉత్తరాల్లో సగానికి తేదీ లేదు, ఉన్నవాటిలో కొన్నింటికి తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంది. క్యాసెట్లు వెంటనే వినొచ్చా?

పాత దస్త్రం

తేదీకి కవరే సాక్షి. ఉత్తరం తీసేసి కవరును తపాలా బిళ్లలు సేకరించేవాళ్లకు ఇచ్చారంటే అంతే. పోస్టు ముద్ర లేకపోతే చిరునామా చూడండి. పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. బిళ్ల మీద ‘నయా పైసే’ అని ఉంటే 1957-64 మధ్యది అయ్యే అవకాశం ఎక్కువ, కానీ మిగిలిపోయిన బిళ్ల తర్వాత కూడా అంటిస్తారు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. ‘విజయనగరం జిల్లా’ అని రాసిన ఉత్తరం ఆ తర్వాతదే. పాత ముద్రల్లో శ్రీకాకుళం ‘చికాకోల్’ అని కనిపిస్తుంది, వేరే ఊరనుకోకండి. పర్లాకిమిడి చిరునామాల్లో 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడకముందు మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) పేరు ఉంటుంది.

తెలుగు సంవత్సరం 60 ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తుంది కాబట్టి అది మంచి సాక్ష్యమే. శార్వరి అంటే 1960-61, లేదా 2020-21. ఆ రెంటిలో ఏదో కార్డు ధర చూస్తే తెలుస్తుంది. ఉగాదికి మారుతుంది గనుక రెండు ఇంగ్లీషు సంవత్సరాలూ రాయాలి. మీరు ఊహించిన తేదీని జాబితాలో చదరపు బ్రాకెట్లలో పెట్టండి, ఉత్తరం మీద ఉన్న తేదీతో కలవకుండా.

‘మీ రామం’ అని మాత్రమే సంతకం ఉన్న ఉత్తరాలు వెనక్కి నెట్టకండి. వారి పిల్లలు, పాత సహోద్యోగులు ఉండగానే చూపించండి. ఈ పనిలో వాయిదా వేయకూడనిది ఇదొక్కటే.

వంశధార

క్యాసెట్టు పెట్టి ప్లే నొక్కకండి. ముందు పైన రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోదు. కిటికీలోంచి చూస్తే టేపు మీద తెల్ల పొడి ఉంటే అది బూజు, యంత్రంలో పెట్టొద్దు, హెడ్డు పాడై తర్వాతి క్యాసెట్టుకూ అంటుతుంది. టేపును హెడ్డుకు ఆనించే నొక్కుడు ప్యాడు ఊడిపోయి ఉంటే గొంతు దూరంగా, మూగగా వస్తుంది. పాత ఖాళీ క్యాసెట్టు పెంకు, స్క్రూలతో బిగించినది, కొని టేపును అందులోకి మార్చాలి. సీ-90, అంతకంటే సీ-120 టేపు పల్చన, త్వరగా చుట్టుకుపోతుంది. వాటిని చివర చేయండి, చేయి తిరిగాక.

ఒక మంచి డెక్కు, హెడ్డు శుభ్రం చేసే ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఒక ఆడియో ఇంటర్‌ఫేసు చాలు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. స్టీరియోలో గంటకు సుమారు 2 జీబీ. శబ్దం శుభ్రపరిచే పని దాచే ప్రతి మీద చేయకూడదు. వెనక వినిపించే గొర్రెల గంటలు, డప్పు రేపటి పరిశోధకుడికి కావాలి. సవర పాటలకు తెలుగు లిపిలో ఆయన రాసుకున్న నోటుబుక్కు ఏ క్యాసెట్టుదో జత చేసి, సీతంపేట వైపు సవర తెలిసినవాళ్లతో పాటు కూర్చుని వింటే పాడినవాళ్ల పేర్లు కూడా తెలియవచ్చు. పాడినవాళ్ల కుటుంబాలకు ఒక ప్రతి ఇవ్వడం మర్యాద.

చీటీల పెట్టె

వారసుల కాగితం సంగతి ఎవరూ చెప్పలేదు. వస్తువు ఇవ్వడం వేరు, కాపీరైటు ఇవ్వడం వేరు. చరాస్తి దానం అప్పగింతతోనే చెల్లుతుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కానీ వారసులందరి సంతకాలు, పెట్టెల జాబితా, ఇద్దరు సాక్షులు ఉండాలి. ఒక్క కొడుకు సంతకంతో తీసుకుంటే రేపు కూతురు వచ్చి అడిగితే మీ దగ్గర జవాబుండదు.

రచయిత బతికుండగా అచ్చయినవాటికి కాపీరైటు ఆయన పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు, పోయాక మొదటిసారి అచ్చయినవాటికి ఆ అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. ఆయన రచనల హక్కు వారసులు బదిలీ చేస్తే లిఖితంగా ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే అనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా మాత్రమే అనీ 1957 చట్టం 19వ సెక్షను లెక్క. వెబ్‌సైటులో పెట్టాలనుకుంటే ‘కాపీరైటు ఉన్నంత కాలం, ప్రపంచమంతటా’ అని స్పష్టంగా రాయించండి. ఆయనకు వచ్చిన ఉత్తరాల హక్కు మాత్రం ఆయన వారసుల చేతిలో లేదు. ఉత్తరం రాసినవారిది, వారి వారసులది. గ్రంథాలయంలో కూర్చుని చదివించవచ్చు, ఆన్‌లైనులో పెట్టడానికి మాత్రం అనుమతి కావాలి.

జబ్బులు, అప్పులు, పెళ్లి సంబంధాల సంగతులున్న ఉత్తరాలు ఉంటాయి. వాటిని చింపమని వారసులు అడిగితే, చింపకుండా ఒక కట్టగా కట్టి, సీలు వేసి, ఫలానా సంవత్సరం దాకా తెరవం అని దానపత్రంలోనే రాయండి. జాబితాలో ఆ కట్టకూ ఒక సంఖ్య ఉండాలి. లోపల ఏముందో రాయకపోయినా, అది ఉందని రాయాలి.

వంశధార

తాటాకులు మరిచాం. 75 ఏళ్లు దాటిన చేతిరాతను జాతీయ రాతప్రతుల మిషన్ (2025 నుంచి జ్ఞాన భారతం మిషన్) రాతప్రతిగా లెక్కిస్తుంది కాబట్టి అవి వేరే నమోదు. పొడి కుంచెతో దులిపి, రెండు చెక్కల మధ్య, నాడా మరీ బిగించకుండా కట్టండి. వస కొమ్ములు గుడ్డ మూటలో పక్కన పెట్టొచ్చు, ఆకుకు తగలకూడదు. ఆకులు అంటుకుపోయి ఉంటే చాకుతో విడదీయకండి. నూనె ఎవరు రాయమన్నా, అక్షరాల్లో మసి ఉందో లేదో, ఆకు మీద బూజు ఉందో లేదో చూడకుండా రాయకండి.

నాగావళి ఒడ్డు

దానపత్రం ముసాయిదా ఈ వారం రాస్తాం. పెట్టెలు తెచ్చేది వానలు తగ్గాకే. చెమ్మవీ చెద ఉన్నదీ మాత్రం ముందుగా, వేరే గదికి.

పాత దస్త్రం

మోసేటప్పుడు ట్రంకులు నిలువునా ఎత్తొద్దని ఆటోవాళ్లకు చెప్పండి. లోపల చీటీల డబ్బాలు పక్కకు పడితే వరస అక్కడే కలిసిపోతుంది. ఖాళీల్లో నలిపిన తెల్లకాగితం కుక్కి, మూత కట్టి, పై వైపు బాణం గుర్తు వేయండి.